టేబుల్‌కు అటువైపు ఎవరు?

నీట్ ఫలితాలు వచ్చి వారం తిరక్కముందే ఫోన్ మోగుతుంది.

'సార్, మీ పాపకు ఎంబీబీఎస్ సీటు రెడీగా ఉంది. ఆదివారం హోటల్‌కు రండి. యూనివర్సిటీ ప్రతినిధి స్వయంగా వస్తున్నారు. అక్కడికక్కడే అడ్మిషన్!'

ఆదివారం రానే వస్తుంది. ఏసీ హాలు, వరసగా టేబుళ్లు, ఒక్కో టేబుల్ మీద ఒక్కో దేశం జెండా. టై కట్టుకున్న ప్రతినిధి, ఆయన మాటలు తెలుగులో చెప్పడానికి పక్కనే ఓ కుర్రాడు. ల్యాప్‌టాప్ తెర మీద మంచు కప్పిన తెల్లటి భవనం... ఇటువైపు నాన్న చేతిలో ఫైలు. అందులో టెన్త్ మెమో, ఇంటర్ మెమో, నీట్ ర్యాంకు కార్డు, పాస్‌పోర్టు జిరాక్సు. అమ్మ పక్కన బిక్కుబిక్కుమంటూ అమ్మాయి. రాత్రంతా ఇంటర్వ్యూకు ప్రిపేరైంది మరి!

'డాక్టర్ ఎందుకు కావాలనుకుంటున్నావమ్మా?' అని ఒక ప్రశ్న. 'బయాలజీలో ఎన్ని మార్కులు?' అని ఇంకోటి. అంతే... 'కంగ్రాట్స్, యూ ఆర్ సెలెక్టెడ్!' అమ్మ కళ్లలో నీళ్లు. నాన్న అడిగేది ఒకటే: 'మొత్తం ఎంతవుతది సార్?'

ఇంటర్వ్యూ అయిపోయింది. కానీ జరగాల్సిన ఇంటర్వ్యూ అది కాదు. ఆ టేబుల్ దగ్గర ప్రశ్నలు అడగాల్సింది అటువైపున్న ఆయన కాదు... ఇటువైపున్న అమ్మానాన్నలు. పాస్ కావాల్సింది పాప కాదు, ఆ ప్రతినిధి!

సాతంరాయి దారిలో...

బెంగళూరు హైవే మీద గగన్‌పహాడ్ దాటి శంషాబాద్ వైపు వెళ్తుంటే సాతంరాయి వస్తుంది. 2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం మొదలయ్యాక ఈ చుట్టుపక్కల బతుకే మారిపోయింది. ఎకరాల్లో మాట్లాడుకునే పొలం గజాల్లోకి వచ్చింది. జొన్నచేలు ప్లాట్లయ్యాయి. చాలా ఇళ్లలో భూమి అమ్మిన డబ్బు ఉంది, బైపీసీ చదివిన బిడ్డా ఉంది. 'మనమైతే సదువుకోలేదు, బిడ్డనన్న డాక్టర్‌ను చేద్దాం' అనే ఆశా ఉంది. ఆ ఆశలో తప్పేమీ లేదు. అయితే, ఫోన్ చేసేవాళ్లకు కూడా ఆ ఆశే కావాలి.

ఇదే దారిలో మహబూబ్‌నగర్ నుంచి, కర్నూలు నుంచి, అనంతపురం నుంచి పిల్లల్ని విమానం ఎక్కించడానికి వచ్చే కుటుంబాలూ కనిపిస్తాయి. విదేశీ మెడికల్ కాలేజీల తరగతులు మొదలయ్యే నెలల్లో విమానాశ్రయం గేటు దగ్గర చూడాలి... ఒకే రంగు టీషర్టులు వేసుకున్న పిల్లలు, టేపు చుట్టిన ఆవకాయ డబ్బాలు, బరువు ఎక్కువైందని సూట్‌కేసు విప్పి సర్దుకునే అమ్మలు, 'పోగానే ఫోన్ చెయ్యి బిడ్డా' అని పదిసార్లు చెప్పే నాన్నలు. ఆ గేటు దాటాక ఆరేళ్ల చదువు. హోటల్ హాల్లో విన్న మాటల్లో ఏది నిజమో ఏది కాదో తెలిసేది ఆ తర్వాతే. అప్పటికి కట్టాల్సిన డబ్బు చాలావరకు కట్టేసి ఉంటారు. అందుకే అడగాల్సినవన్నీ ముందే అడగాలి.

ఎందుకు వెళ్తున్నారు?

కారణం చిన్న లెక్కే. 2024లో దేశం మొత్తం మీద 23 లక్షలమందికి పైగా నీట్ రాశారు. ఎంబీబీఎస్ సీట్లేమో లక్ష దాటి కొన్ని వేలు. వాటిలో ప్రభుత్వ కాలేజీల్లోవి ఇంచుమించు సగం. ర్యాంకు కాస్త వెనకపడితే ప్రైవేటు కాలేజీలో యాజమాన్య కోటా. దాని ఫీజు మధ్యతరగతికి అందదు. 'మొత్తం ఆరేళ్లకు పాతిక ముప్పై లక్షలే' అని ఎవరైనా అంటే చెవులు నిక్కబొడుచుకోవడం సహజం.

బయటి దేశంలో చదవడం నామోషీ కాదు. రష్యాలో, చైనాలో చదివి వచ్చి ఇక్కడ మంచి డాక్టర్లుగా పేరు తెచ్చుకున్నవాళ్లు ఉన్నారు. అసలు చిక్కు దేశంతో కాదు. చదివొచ్చిన డిగ్రీతో ఇక్కడ ప్రాక్టీసు చేయడానికి వీలుంటుందా లేదా అన్నదే. ఆ ఒక్క ప్రశ్న తప్ప మిగతావన్నీ మాట్లాడుకుని ఇంటికొచ్చే కుటుంబాలు చాలా ఉన్నాయి. హాస్టల్లో అన్నం దొరుకుతుందా, చలి ఎంత, అమ్మాయిలకు వేరే బిల్డింగేనా... ఇవీ అవసరమే. కానీ ఇవన్నీ రెండో వరసలోవి.

ఆయన ఎవరి మనిషి?

మొదటి ప్రశ్న చాలా మామూలుది: 'మీకు జీతం ఎవరిస్తారు సార్?'

టేబుల్‌కు అటువైపు కూర్చునేవాళ్లు మూడు రకాలు. యూనివర్సిటీలో నిజంగా పనిచేసే అధికారి ఒకరు. యూనివర్సిటీతో ఒప్పందం కుదుర్చుకున్న కాంట్రాక్టరు రెండోవారు. ఆ కాంట్రాక్టరు కింద పనిచేసే సబ్ ఏజెంటు మూడోవారు. చివరి ఇద్దరికీ వచ్చేది కమీషన్. ఎంతమంది పిల్లల్ని చేర్పిస్తే అంత. కమీషన్ తీసుకోవడం నేరం కాదు. కానీ కమీషన్ మీద బతికే మనిషి 'మీ పాపకు ఈ కాలేజీ వద్దండీ' అని చెప్పడం కష్టం. ఆ సంగతి గుర్తుపెట్టుకుని వినాలి.

ఈ విషయంలో అమెరికా ఏం చేసిందో చూడండి. అక్కడి ప్రభుత్వ ఆర్థికసాయం పొందే కాలేజీలు, విద్యార్థిని చేర్పించినందుకు తలకింత చొప్పున కమీషన్ ఇవ్వకూడదని 1992లో చట్టం తెచ్చుకుంది. కమీషన్ ఆశతో పిల్లల్ని ఎటుపడితే అటు తోస్తారని భయం. కానీ ఆ సాయానికి అర్హత లేని విదేశీ విద్యార్థుల్ని వాళ్ల దేశాల్లోనే చేర్చుకునే పనికి మినహాయింపు ఇచ్చింది. అంటే సొంత పిల్లలకు ఒక న్యాయం, పరాయి పిల్లలకు ఇంకో న్యాయం!

మన దగ్గర పరిస్థితి? విదేశాల్లో ఉద్యోగాలకు పంపే ఏజెంటుకు 1983 నాటి వలస చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ ఉండాలి. చదువులకు పంపేవాళ్లు ఆ చట్టం కిందికి రారు. గల్ఫ్‌కు కూలి పనికి పంపే మనిషికి ఉండాల్సిన కాగితం, లక్షలు తీసుకుని డాక్టర్ చదువుకు పంపే మనిషికి అక్కర్లేదు. కాబట్టి వాకబు చేసుకోవాల్సిన బాధ్యత ఇంటివాళ్లదే.

నిజమైన ఇంటర్వ్యూ ఎలా ఉంటుందో కూడా తెలిసి ఉండటం మంచిది. బ్రిటన్‌లో చాలా మెడికల్ కాలేజీలు ఒక్కో విద్యార్థిని వరసగా అనేక చిన్న ఇంటర్వ్యూలకు కూర్చోబెడతాయి. ఒక్కో చోట కొన్ని నిమిషాలే. ఒకచోట బాధలో ఉన్న మనిషితో ఎలా మాట్లాడతారో చూస్తారు, ఇంకోచోట తప్పొప్పుల మీద ప్రశ్న వేస్తారు. చాలామందికి 'సారీ' అనే చెబుతారు. వచ్చిన ప్రతి ఒక్కరినీ పది నిమిషాల్లో సెలెక్ట్ చేసే చోట జరిగేది ఎంపిక కాదు, అమ్మకం.

తీపి మాటలు... అసలు సంగతులు

ఈ హాళ్లలో తరచూ వినిపించే కొన్ని మాటల్ని ఒకసారి విడదీసి చూద్దాం.

'మా కాలేజీకి ఎన్ఎంసీ అప్రూవల్ ఉంది.' జాతీయ వైద్య కమిషన్... అంటే ఎన్ఎంసీ, ఫలానా విదేశీ కాలేజీలను ఆమోదించామంటూ జాబితా ఏదీ ఇవ్వదు. ఈ సంగతి కమిషనే ప్రకటించింది. కమిషన్ చేసేదల్లా నిబంధనలు పెట్టడం. కాలేజీ వాటికి సరిపోతుందో లేదో చూసుకోవాల్సింది విద్యార్థే. కాబట్టి ఆ మాట వినగానే జాగ్రత్తపడాలి.

'డబ్ల్యూహెచ్ఓ లిస్టులో ఉంది.' ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏ మెడికల్ కాలేజీకీ గుర్తింపు ఇవ్వదు. ప్రపంచ వైద్య కళాశాలల డైరెక్టరీ అని ఒకటి ఉంది. అందులో పేరుంటే ఆ కాలేజీ ఉందని అర్థం, బాగుందని కాదు. ఫోన్ డైరెక్టరీలో పేరున్నంత మాత్రాన మంచి మనిషని ఎవరైనా అంటారా?

'నీట్ పోయినా ఫర్వాలేదు.' ఇది ఫక్తు అబద్ధం. 2018 నుంచి విదేశాల్లో ఎంబీబీఎస్ చదివేవాళ్లూ నీట్‌లో అర్హత సాధించి ఉండాల్సిందే. లేకపోతే తిరిగొచ్చాక పరీక్ష రాయనివ్వరు.

'వచ్చాక చిన్న పరీక్ష ఉంటుంది, కోచింగ్ మేమే ఇప్పిస్తాం.' ఆ 'చిన్న పరీక్ష' పేరు ఎఫ్ఎంజీఈ. 2002లో మొదలైంది. 300 ప్రశ్నలు, పాస్ కావాలంటే 150 మార్కులు. నెగెటివ్ మార్కులు లేవు. వినడానికి తేలిగ్గానే ఉంటుంది. కానీ 2023 జూన్‌లో ఈ పరీక్ష రాసిన ప్రతి పదిమందిలో పాసైంది సుమారు ఒక్కరే! ఆ ఏడాది డిసెంబరులో ఐదుగురిలో ఒకరు. దీని స్థానంలో నెక్స్ట్ అనే పరీక్ష తేవాలని చట్టం చెబుతోంది. అది అమలయ్యేదాకా ఎఫ్ఎంజీఈనే గడప.

ఐదు ప్రశ్నలు, ఐదు కాగితాలు

2021 నవంబరు 18న ఎన్ఎంసీ కొత్త నిబంధనలు ప్రకటించింది. ఆ తర్వాత విదేశీ కాలేజీల్లో చేరినవాళ్లందరికీ ఇవి వర్తిస్తాయి. ప్రతినిధిని అడగాల్సిన ప్రశ్నలన్నీ వీటిలోనే ఉన్నాయి. నోటిమాట వద్దు. ప్రతి జవాబుకూ యూనివర్సిటీ లెటర్‌హెడ్ మీద కాగితం అడగండి.

ఒకటి... కోర్సు ఎన్ని నెలలు? కనీసం 54 నెలలు ఉండాలి. అందులో ఇంటర్న్‌షిప్‌ను కలపకూడదు. 'ఐదేళ్ల కోర్సు' అన్నప్పుడు దానిలో భాష నేర్పే ఏడాది, ముందస్తు కోర్సు కలిశాయేమో విడదీసి అడగాలి.

రెండు... 12 నెలల ఇంటర్న్‌షిప్ ఎక్కడ? ఆ విదేశీ సంస్థలోనే చేయాలి. తిరిగొచ్చాక మన దేశంలో మరో 12 నెలలు చేయాలి. 'అక్కడిది ఇక్కడ చేసుకోవచ్చు' అంటే నమ్మకండి.

మూడు... బోధన ఏ భాషలో? ఇంగ్లిష్‌లోనే ఉండాలి. దీనికి తోడు ఇంకో ప్రశ్న: రోగులు ఏ భాష మాట్లాడతారు? పాఠం ఇంగ్లిష్‌లో ఉన్నా, వార్డులో పేషెంటు తన కడుపునొప్పిని రష్యన్‌లోనో కిర్గిజ్‌లోనో చెబుతాడు. ఆ భాష రాకపోతే పాప మంచం పక్కన నిలబడి వస్తుంది తప్ప వైద్యం నేర్చుకోలేదు. ఆ భాష ఎవరు, ఎన్నాళ్లు నేర్పుతారో తెలుసుకోవాలి.

నాలుగు... చదువంతా ఒకే కాలేజీలోనా? ఒకచోట మొదలుపెట్టి ఇంకో దేశంలో ముగించే పద్ధతి కుదరదు. శిక్షణంతా ఒకే సంస్థలో జరగాలి. సొంత ఆస్పత్రి ఉందా, ఎన్ని పడకలు, రోజుకు ఎంతమంది రోగులు వస్తారు అని కూడా అడగాలి.

ఐదు... చదువయ్యాక ఆ దేశంలో ప్రాక్టీసు చేయనిస్తారా? అన్నిటికన్నా పెద్ద ప్రశ్న ఇదే. ఆ దేశపు పౌరుడికి ఇచ్చే లైసెన్సుతో సమానమైన లైసెన్సు మన పిల్లలకూ దక్కే వీలుండాలి. కొన్ని దేశాలు విదేశీయులకు డిగ్రీ ఇస్తాయి, ప్రాక్టీసుకు మాత్రం ఒప్పుకోవు. అక్కడ డాక్టర్ కాలేకపోతే ఇక్కడా కాలేరు. ఈ ప్రశ్న వినగానే ప్రతినిధి మెస్‌లో దొరికే పప్పుచారు గురించి మాట్లాడటం మొదలుపెడితే లేచి వచ్చేయొచ్చు.

ఇవన్నీ కలిపి చేరిన రోజు నుంచి పదేళ్లలోపు పూర్తి కావాలి. మధ్యలో ఆగిపోయే ఏళ్లూ ఆ లెక్కలోకే వస్తాయి.

ముందు వెళ్లినవాళ్ల అనుభవాలు

నిబంధనలు కాగితం మీద పొడిపొడిగా ఉంటాయి. వాటి బరువేంటో పిల్లల అనుభవాలే చెబుతాయి.

ఒకప్పుడు మన తెలుగు పిల్లలు ఫిలిప్పీన్స్‌కు బాగా వెళ్లేవారు. అక్కడ ముందు బీఎస్ అనే కోర్సు, ఆ తర్వాత నాలుగేళ్ల ఎండీ. నాలుగేళ్లంటే 48 నెలలు. 54 నెలల నిబంధన వచ్చాక బీఎస్‌ను వైద్య చదువు కింద లెక్కపెట్టబోమని తేలింది. అప్పటికే బీఎస్‌లో ఉండి, ఎండీలో చేరని పిల్లలు ఇరకాటంలో పడ్డారు.

2020లో కరోనా వచ్చినప్పుడు చైనా నుంచి ఇంటికొచ్చిన పిల్లలు రెండేళ్లకు పైగా తిరిగి వెళ్లలేకపోయారు. శవపరీక్ష పాఠాన్ని కూడా సెల్‌ఫోన్ తెర మీదే విన్నారు. 2022 ఫిబ్రవరి 24న యుక్రెయిన్‌పై యుద్ధం మొదలైంది. అక్కడి నుంచి సుమారు 22,500 మంది భారతీయులు తిరిగొచ్చారు. వారిలో ఎక్కువమంది వైద్య విద్యార్థులే. ఇక్కడి కాలేజీల్లో సర్దుబాటు చేయమని వేడుకుంటే, చట్టం ఒప్పుకోదని అదే ఏడాది సెప్టెంబరులో కేంద్రం సుప్రీంకోర్టుకు చెప్పింది. వేరే దేశాల కాలేజీల్లో చదువు కొనసాగించే వెసులుబాటు దొరికింది కానీ మళ్లీ ఫీజు, మళ్లీ వీసా, మళ్లీ ప్రయాణం. చివరి ఏడాదిలో ఇంటికొచ్చి ఆన్‌లైన్‌లో కోర్సు ముగించినవాళ్లకు ఇక్కడ ఏడాదికి బదులు రెండేళ్ల ఇంటర్న్‌షిప్ పెట్టారు. 2024 మేలో బిష్కెక్‌లో విదేశీ విద్యార్థుల హాస్టళ్ల మీద అల్లరిమూక దాడి చేస్తే, పిల్లలు గదుల్లోంచి బయటికి రావొద్దని మన ఎంబసీ చెప్పాల్సి వచ్చింది.

యుద్ధాన్ని ఏ ప్రతినిధీ ముందుగా చెప్పలేడు. నిజమే. కానీ 'అనుకోనిది జరిగితే ఫీజు తిరిగిస్తారా? వేరే కాలేజీకి మారడానికి కాగితాలు ఇస్తారా?' అని అడిగితే రాసివ్వగలడు. రాసివ్వనంటే అదీ ఒక జవాబే.

ఇక్కడి సీటుకు 'మనిషి' ఉన్నాడా?

ఇంకో రకం ప్రతినిధులున్నారు. వీళ్లు హోటల్‌కు పిలవరు, ఇంటికే వస్తారు. 'ఫలానా కాలేజీలో మేనేజ్‌మెంట్ సీటు ఉంది, అడ్వాన్సు ఇస్తే బ్లాక్ చేస్తా' అంటారు.

క్యాపిటేషన్ ఫీజును నిషేధిస్తూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1983లోనే చట్టం వచ్చింది. సుప్రీంకోర్టులో 1993 నాటి ఉన్నికృష్ణన్ కేసు కూడా మన రాష్ట్రం పేరు మీద నడిచిందే. ఇప్పుడైతే ఎంబీబీఎస్‌లో ఏ సీటైనా నీట్ ర్యాంకుతో, ఆన్‌లైన్ కౌన్సెలింగ్‌లోనే రావాలి. తెలంగాణలో కన్వీనర్ కోటా అయినా, యాజమాన్య కోటా అయినా, ఎన్ఆర్ఐ కోటా అయినా వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం ద్వారానే. డీమ్డ్ యూనివర్సిటీల సీట్లు ఢిల్లీలోని మెడికల్ కౌన్సెలింగ్ కమిటీ ద్వారా. మధ్యలో ఏ మనిషికీ చోటు లేదు. 'సీటు బ్లాక్' అన్నాడంటే డబ్బు బ్లాక్ అయినట్టే.

సంతకానికి ముందు...

డబ్బు వ్యక్తి ఖాతాలోనో, కన్సల్టెన్సీ ఖాతాలోనో కాకుండా బ్యాంకు ద్వారా నేరుగా యూనివర్సిటీ ఖాతాకే పంపాలి. కన్సల్టెన్సీకి ఇచ్చేది సర్వీసు చార్జీ ఒక్కటే. దానికీ రసీదు తీసుకోవాలి. ఒరిజినల్ సర్టిఫికెట్లు వదలొద్దు. జిరాక్సులు చాలు. వీసా కోసం పాస్‌పోర్టు ఇస్తే అందినట్టు రాయించుకోవాలి.

కాలేజీల వారీగా ఎఫ్ఎంజీఈ ఫలితాలను పరీక్ష నిర్వహించే జాతీయ పరీక్షల బోర్డు ప్రకటించింది. అవి వెబ్‌సైట్‌లో దొరుకుతాయి. ఆ కాలేజీ నుంచి ఎంతమంది రాశారు, ఎంతమంది పాసయ్యారు... ఈ రెండు అంకెలు చాలు, బ్రోచర్ అంతా చదివినట్టే. నెట్ చూడటం రాకపోతే మీసేవ కేంద్రంలోనో, చదువుకున్న పక్కింటి పిల్లల దగ్గరో చూపించుకోవచ్చు.

ప్రతినిధి ఇచ్చిన నంబర్లకు ఫోన్ చేస్తే బాగుందనే చెబుతారు. ఆయన ఇవ్వని నంబరు పట్టుకోవాలి. అక్కడ ఐదో ఏడాది చదువుతున్నవాళ్లు ఒకరు, చదువయ్యి తిరిగొచ్చినవాళ్లు ఒకరు. వాళ్లతో అమ్మానాన్నలు లేకుండా పాపనే మాట్లాడనివ్వాలి. పిల్లలు పిల్లలతోనే నిజం చెప్పుకుంటారు. మాట్లాడాక 'నాకు వద్దు నాన్నా' అంటే కోప్పడొద్దు. బీఎస్సీ నర్సింగ్, ఫిజియోథెరపీ, ఫార్మ్‌-డి, వెటర్నరీ... బైపీసీకి దారులు ఇంకా ఉన్నాయి.

మోసం జరిగితే? కన్సల్టెన్సీ డబ్బు తీసుకుని చేసేది సేవే. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ఫిర్యాదుదారు తాను ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు. 1915 నంబరుకు ఫోన్ చేసినా దారి చెబుతారు. అయితే కాగితాలు ఉంటేనే కేసు నిలుస్తుంది.

ఆడపిల్లకు సంబంధం వస్తే మనవాళ్లు ఏం చేస్తారు? అబ్బాయి ఫొటో చూసి ముహూర్తం పెట్టేయరు. ఆ ఊరు వెళ్తారు, కిరాణా కొట్టు దగ్గర ఆగుతారు, ఇరుగుపొరుగును కదిలిస్తారు, నాలుగు వైపుల నుంచి వాకబు చేస్తారు. 'ఇవాళే ఖాయం చేసుకోండి, రేపైతే సంబంధం ఉండదు' అని మధ్యవర్తి తొందరపెడితే అనుమానిస్తారు. పాప ఆరేళ్ల చదువుకూ ఆ పాటి వాకబు అవసరం. మంచి కాలేజీ అయితే సీటు వారం ఆగుతుంది. ఆగకపోతే పోయింది సీటే... పొలం డబ్బు, పాప ఆరేళ్లు భద్రంగా ఉన్నట్టే!